ఈకల కర్ర: మా పిల్లి అలసందతో తొమ్మిది నెలల వాడకం

సంక్రాంతి అయిన వారానికి, అంటే 2025 జనవరి చివర్లో, మా పాప ఫోన్లో ఆర్డర్ పెట్టిన ఈకల కర్ర ఇప్పటికీ మా ఇంట్లో రోజూ రెండు పూటలా పని చేస్తోంది. ధర 279 రూపాయలు. కడపకు చేరడానికి ఆరు రోజులు పట్టింది. పిల్లి ఆడుకునే కర్ర గురించి ఇంత పొడుగ్గా రాయాలా అని మా ఆయన అడిగారు. రాయాలనే అనుకున్నాను. ఇంట్లో మిషన్ కుడుతూ పిల్లిని పెంచుకునేవాళ్లు కొందరైనా ఇది చదివి జాగ్రత్త పడితే నాకు తృప్తి.

మేం ఎర్రముక్కపల్లెలో రెండో అంతస్తులో అద్దెకు ఉంటాం. ముందు గదిలో నా మిషన్. జాకెట్లు, చుడీదార్లు, ఫాల్, పీకో, చీరలకు కుచ్చులు అన్నీ చేస్తాను. 2024 జూన్‌లో వాన పడుతున్న సాయంత్రం ఒక జిరాక్స్ షాపు మెట్ల కింద పిల్లికూన అరుస్తుంటే మా పాప ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఒళ్లంతా తెలుపు, కుడి కంటి పక్కన నల్ల మచ్చ. మా అమ్మ చూసి, "అచ్చం అలసంద గింజ మాదిరి ఉందే" అంది. అదే పేరైంది. రోడ్డు మీద బండ్లు ఎక్కువ, కింద వీధిలో కుక్కలు ఎక్కువ. అందుకే బయటికి వదలకుండా ఇంట్లోనే పెంచుదామని ఆ రోజే అనుకున్నాం. బాల్కనీకి దోమల వల కాకుండా గట్టి ఇనుప వల కొట్టించాం.

బయటికి వదలకపోతే దాని ప్రాణానికి ఢోకా లేదనుకున్నాను. లోపల నా దారాలు ఉన్నాయని ఆలోచించలేదు.

పిల్లికి కదిలే సన్నటి వస్తువు ఏదైనా వేటలాగే కనిపిస్తుంది. మిషన్ మీద దారం కండె తిరుగుతుంటే అలసంద బల్ల అంచు మీద కూర్చుని తల తిప్పకుండా చూసేది. మొదట్లో నాకది ముచ్చటగా ఉండేది. సెప్టెంబరులో ఒకరోజు అన్నం ముట్టలేదు. మర్నాడు నాలుగుసార్లు వాంతి చేసుకుని మంచం కింద మూలకు పోయి కూర్చుంది. డాక్టరు నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించారు. నాలుక మొదట్లో ఆకుపచ్చ పాలిస్టర్ దారం చుట్టుకుని ఉంది. అంతకు ముందు రోజు నేను కుట్టిన జాకెట్ రంగు అది. రెండో కొస కడుపులో నుంచి పేగులోకి పోయింది. పైన ఒక కొస తట్టుకుని ఉంటే పేగు కింది కొసను లాక్కుంటూ నాడా బిగించిన లంగా మాదిరి కుచ్చెళ్లుగా ముడుచుకుపోతుందట. ఆ బిగువుకు దారం పేగును కోసేస్తుంది కూడా. తిరుపతి దాకా తీసుకుపోయి ఆపరేషన్ చేయించాం. బతికింది. ఈ ఒక్క మాట మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి: పిల్లి నోట్లో నుంచి గానీ, వెనక నుంచి గానీ దారం వేలాడుతూ కనిపిస్తే లాగొద్దు. కత్తిరించొద్దు కూడా. అలాగే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

మా పాప ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చదువుతోంది. ఆపరేషన్ తర్వాత అది నాతో అన్న మాట ఇది: "దారాలు బీరువాలో పెట్టి తాళమేస్తే సగం పనే అయితాది మా. దానికి వేటాడాలని ఉంటాది గదా, అది ఏం చెయ్యల్లా?" ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నాలుగైదు వస్తువులు కొన్నాం. 60 రూపాయల లేజరు లైటు తప్పితే అన్నిటికంటే తక్కువ ధరది ఈ కర్రే. నిలిచింది కూడా ఇదే.

మిగతావాటి సంగతి త్వరగా చెప్పేస్తాను. మొదట కొన్నది చార్జింగ్ పెడితే తనంతట తానే తిరిగే బంతి, 899 రూపాయలు. మొదటి రోజు అలసంద దాన్ని చూసి ఫ్రిజ్ మీదికి ఎక్కింది. రెండో రోజు దగ్గరికి వచ్చి వాసన చూసింది. ఐదో రోజుకు అది పక్క నుంచి దొర్లుకుంటూ పోతున్నా కళ్లు తెరవలేదు. బంతి గోడకు తగిలి వెనక్కి తిరిగి నేరుగా పిల్లి మీదికే వస్తుంది. ఏ ఎలుకా పిల్లి మీదికి అలా రాదు కదా. పైగా మిషన్ తొక్కుడు బల్ల కింద ఇరుక్కుని గుయ్‌మని శబ్దం చేసేది. రెండోది మూడు అంతస్తుల బంతుల టవర్, 450. ఇది చెడ్డదేం కాదు. పళ్లెంలాంటి గాడిలో బంతి తిరుగుతుంది, బయటికి రాదు, మింగే ముక్కలు ఉండవు. నేను పనిలో ఉన్నప్పుడు అప్పుడప్పుడూ పంజాతో తట్టి ఆడుకుంటుంది. కానీ మా ఇంట్లో నేలంతా కడప బండలు. నున్నగా ఉన్న నల్ల బండ మీద టవర్ జారిపోతూ రాత్రి రెండింటికి గోడకు కొట్టుకుంటే ఇల్లంతా లేచి కూర్చుంది. కింద తడిపి పిండిన గోనెపట్ట పరిచాక ఆ బాధ తప్పింది.

మూడోది లేజరు లైటు. కీచైన్‌కు వేలాడేది, బజారులో 60 రూపాయలకు కొన్నాను. ఆ ఎర్రచుక్క వెంట అలసంద పరుగెత్తడం చూసి మొదట మేమంతా సంతోషపడ్డాం. వారం తిరిగేసరికి లైటు ఆర్పేశాక కూడా గోడ ముందు కూర్చుని అరగంట, ముప్పావుగంట చుక్క కోసం వెతకడం మొదలుపెట్టింది. ఎంత దూకినా పంజా కిందికి ఏమీ రాదు, పంటికి ఏమీ తగలదు. స్టీలు పళ్లెం మీద పడిన ఎండ గోడ మీద మెరిసినా ఉలిక్కిపడేది. దాన్ని అలా చూడలేక లైటు తీసి పారేశాను. మీ ఇంట్లో వాడుతుంటే కంట్లో పడకుండా చూడండి. చివర్లో ఆ చుక్కను ఏదైనా బొమ్మ మీదో, తిండి మీదో ఆపి, దాన్ని పట్టుకోనివ్వండి.

ఇక ఈకల కర్ర. పాత రేడియో ఏరియల్ మాదిరి లాగితే పొడుగయ్యే కర్ర. మడిస్తే అడుగున్నర, సాగదీస్తే మూడడుగుల పైన. చేతి పట్టు దగ్గర మెత్తటి స్పాంజి. కొసన నైలాన్ దారం, దారం చివర కీచైన్లకు ఉండే మాదిరి చిన్న కొక్కెం. ఆ కొక్కేనికి మార్చుకోవడానికి ఐదు బొమ్మలు ఇచ్చారు. మూడు ఈకల గుత్తులు, ఒక పురుగు, ఒక గుడ్డ చేప. ఇలాంటిదే పది రకాల పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి పెట్టె మీది పేరు చెప్పి ప్రయోజనం లేదు. కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కింద చెబుతాను.

కర్ర వచ్చిన మొదటి రోజు నేను చేసిన తప్పు, ఈకలు తీసుకుపోయి పిల్లి ముక్కు ముందు ఆడించడం. అది వెనక్కి జరిగి మొహం తిప్పుకుంది. 279 రూపాయలు పోయాయనుకున్నాను. సెలవుకు ఇంటికొచ్చిన పాప చూసి కర్ర తన చేతికి తీసుకుంది. పిల్లికి దూరంగా కదిలేది స్పష్టంగా కనిపిస్తుందట. ముక్కుకు జానెడు దూరంలో ఉన్నది సరిగా ఆనదట, అక్కడ మీసాలే దాని కళ్లు. అందుకని ఆటను ఐదారు అడుగుల అవతల మొదలుపెట్టాలి. ఈకను నేల మీద పెట్టి, పిల్లికి దూరంగా, అడ్డంగా ఈడవాలి. ఆపాలి. మళ్లీ కొంచెం కదపాలి. తలుపు చాటుకు పోనివ్వాలి. అలా చాటుకు పోయిన క్షణంలో అలసందను చూడాలి మీరు. కంటి పాపలు పెద్దవై పచ్చరంగు కనపడకుండా పోతుంది, మీసాలు ముందుకు వస్తాయి, తోక కొస మాత్రం టకటకా కొట్టుకుంటుంది. కడుపు నేలకు ఆనించి, వెనక కాళ్లు ఒకటి తర్వాత ఒకటి సర్దుకుని, నడుము అటూ ఇటూ ఊపి ఒక్కసారిగా దూకుతుంది.

నేను ఇరవై రెండేళ్లుగా మిషన్ తొక్కుతున్నాను. వేగం, నిదానం, ఆపడం అన్నీ పాదానికి తెలుసు. కర్ర ఆడించడం కూడా అలాంటి పనే అని నాకు పది రోజుల్లో అర్థమైంది. ఒకే వేగంతో తిప్పితే అలసంద కూర్చుని చూస్తుంది. మలుపు దగ్గర మిషన్‌ను నెమ్మది చేసి సూది దించి ఆపినట్టు ఈకను ఆపి, రెండు లెక్కపెట్టి, చిన్నగా వణికిస్తే ఇక ఆగలేదు. లైనింగ్ గుడ్డ ఒకటి నేల మీద పరిచి దాని కింద ఈకను కదిలించడం దానికి అన్నిటికంటే ఇష్టం. గుడ్డ కింద సన్నటి చప్పుడు వస్తుంది కదా. మనకు 20 వేల హెర్ట్జ్ దాటిన శబ్దం వినపడదు, పిల్లికి 60 వేల పైన కూడా వినపడుతుంది. ఎలుకల కిచకిచలు ఆ లెక్కలోనే ఉంటాయట. చెవులు రెండూ గుడ్డ వైపు తిప్పి అది వినే తీరు చూస్తే నాకు ఎంత పని ఉన్నా ఐదు నిమిషాలు ఎక్కువ కూర్చోవాలనిపిస్తుంది.

రంగు విషయం కూడా చూశాను. ఎరుపు, నీలం జాకెట్ ముక్కలు ఒకే కొలతకు కత్తిరించి, ఒకే రకంగా ఆడించాను. పిల్లి కంటికి ఎరుపు మసకగా, నీలం బాగా కనిపిస్తుందని పాప చెప్పింది. మా అలసంద మాత్రం ఏది బాగా దాక్కుంటే దాని మీదే దూకింది. అందుకే ఏడు రంగుల ఈకలున్న సెట్టుకు ఎక్కువ డబ్బు పెట్టొద్దని నా మాట.

పట్టుకోనివ్వడం ముఖ్యం. నాలుగుసార్లు దూకితే రెండుసార్లయినా పంజా కింద ఈక చిక్కాలి. చిక్కాక వెంటనే లాగకుండా పళ్లతో పట్టుకుని, వెనక కాళ్లతో తన్నుకోనివ్వాలి. ఆట పది, పదిహేను నిమిషాలు చాలు. చివరి రెండు నిమిషాల్లో ఈకను నెమ్మది చేస్తూ, దెబ్బ తిన్న పిట్ట ఈడ్చుకుంటూ పోయినట్టు కదిపి, చివరిసారి పట్టుకోనిచ్చి, అప్పుడే దాని గిన్నెలో తిండి వేస్తాను. తింటుంది, ఒళ్లంతా నాక్కుంటుంది, పడుకుంటుంది. అడవిలో వేటాడే పిల్లికి ఉండే వరసే ఇది. ఈ వరస పట్టాక రాత్రి పూట పరుపుల మీద గంతులు తగ్గాయి. అంతకు ముందు తెల్లవారుజామున మూడున్నరకే మా ఆయన కాలి వేళ్లు కొరికేది. తెల్లవారుజాము, సందె చీకటి, ఈ రెండు వేళలే పిల్లికి ఒళ్లు మేలుకునే వేళలు. ఆ వేళల్లో ఆడించకపోతే మన కాళ్లే ఎలుకలవుతాయి. చేతి వేళ్లు కదిపి ఆడించడం మాత్రం మా ఇంట్లో పూర్తిగా మానేశాం. కూనగా ఉన్నప్పుడు అలవాటు చేసింది మేమే, గాట్లు పడిందీ మాకే.

ఇప్పుడు ఈ కర్రలో లోపాలు. ఇక్కడ నాకు కోపం ఉంది.

ఈకలు జిగురుతో అంటించారు, కుట్టలేదు. తొమ్మిదో రోజుకు మొదటి గుత్తి ఊడిపోయింది. లోపల సన్నటి ఇనుప తీగ బయటికి పొడుచుకొచ్చింది. ఒక ఈకను అలసంద నమలడం చూసి నోట్లో వేలు పెట్టి తీశాను, మళ్లీ తిరుపతి ప్రయాణం గుర్తొచ్చి చేతులు వణికాయి. పురుగు బొమ్మకు చిన్న గజ్జె ఉంది, అది కూడా ఒక్క లాగుకు చేతిలోకి వచ్చింది. మింగదగ్గ గజ్జెను పిల్లి బొమ్మకు ఎలా పెడతారో నాకు అర్థం కాలేదు. ఇంకొకటి, కర్రకు కట్టిన నైలాన్ దారం. దారం మింగి ఆపరేషన్ దాకా పోయిన పిల్లికి మళ్లీ మూడడుగుల దారమే తెచ్చి ఇచ్చినట్టు అయింది. రెండో కర్ర ఆర్డర్ పెడితే కొస విరిగి వచ్చింది, ఫోటో పంపితే ఎనిమిది రోజులకు డబ్బు వెనక్కి వేశారు.

నేను చేసుకున్న మార్పులు చెబుతాను, మిషన్ ఉన్నవాళ్లు ఎవరైనా గంటలో చేసుకోవచ్చు. నైలాన్ దారం తీసేసి, పావు అంగుళం వెడల్పు ఎలాస్టిక్ పట్టీని గట్టి నూలు పట్టీలో పెట్టి కుట్టేశాను. బట్టల నాడా అంత మందం ఉంటుంది, గొంతులోకి తేలిగ్గా పోదు, లాగితే కొంచెం సాగుతుంది కాబట్టి పళ్ల మీద కూడా భారం పడదు. ఈకల బదులు పాత జీన్స్ ప్యాంటు ముక్కతో ఎలుక కుట్టాను. రెండున్నర అంగుళాల పొడుగు, ఒకటిన్నర వెడల్పు. లోపల లైనింగ్ ముక్కలు కూరి, బిస్కెట్ ప్యాకెట్ లోపలి వెండిరంగు కాగితం ఒక పొర వేశాను, గరగరమని చప్పుడు వస్తుంది. అంచంతా రెండు వరసల కుట్టు, దాని మీద మళ్లీ చేతి కుట్టు. కళ్లకు గుండీలు పెట్టలేదు. తోక ఆరు అంగుళాల జీన్స్ పట్టీ, పోగులు లేవకుండా అంచు మడిచి కుట్టాను. వెల్వెట్ కూడా ప్రయత్నించాను, గోళ్లకు పోగులు లేచిపోతున్నాయి. జరీ ఉన్న గుడ్డ దగ్గరికి కూడా రానివ్వకండి. చీర కుచ్చుల మీద అలసందకు ఎంత ఆశ ఉందంటే, కుచ్చులు వేసే రోజు దాన్ని లోపలి గదిలో పెట్టి తలుపు వేస్తున్నాను.

జీన్స్ ఎలుక ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా నిలిచింది. తోక రెండుసార్లు మార్చాను.

మరో సంగతి, ఒకే బొమ్మ రోజూ ఇస్తే పిల్లికి విసుగు పుడుతుంది. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ బ్రాడ్‌షా, ఆయన తోటివాళ్లు 2002లో ఇదే పరీక్షించి చూశారని పాప చదివి చెప్పింది. అదే బొమ్మ వరసగా ఇచ్చినప్పుడు ఆట తగ్గిపోయింది, కొంచెం వేరుగా ఉన్నది ఇవ్వగానే మళ్లీ పుంజుకుంది. ఆకలి మీదున్న పిల్లి ఎక్కువ ఆడుతుందని కూడా వాళ్లే చూశారు. అందుకే నేను మూడు బొమ్మలు కుట్టుకుని రెండు రోజులకొకటి మారుస్తాను, ఆటంతా తిండికి ముందే. ఈ కర్ర మీద నాకు గౌరవం పెరిగింది కూడా ఈ కొక్కెం వల్లే. కర్ర అదే, కొసన వేట మారుతుంది.

ఈ కర్ర నిజంగా పని చేస్తోందా అని నాకు తెలిసిన సమయం ఒకటి ఉంది. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, ఆ మర్నాడే రంజాన్. కడపలో టైలర్లకు ఆ నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఉగాది రోజు దేవుని కడపకు ముస్లింలు కూడా వచ్చి దండం పెట్టుకునే ఊరు మాది. రెండు పండగల జాకెట్లు, చుడీదార్లు, పిల్లల లంగాలు అన్నీ నా బల్ల మీదే ఉన్నాయి. పదకొండు రోజులు కర్ర బయటికి తీయలేదు. మూడో రోజు నుంచి అలసంద మళ్లీ మిషన్ పక్కన చేరింది. ఏడో రోజు కొలతల టేపు కొస కొరికేసింది. పదో రోజు రాత్రి, కుట్టి హ్యాంగర్‌కు తగిలించిన ఒక కస్టమర్ జాకెట్ మీదికి ఎగిరి నాడా పట్టుకుని వేలాడింది. జాకెట్ మెడ దగ్గర చిరిగింది, నేనే కొత్త గుడ్డ కొని మళ్లీ కుట్టి ఇచ్చాను. దాన్ని తిట్టాలనిపించలేదు. రోజంతా ఇంట్లోనే ఉంచింది మేము, దాని వేట వేళను తీసేసింది కూడా నేనే. ఏప్రిల్ 1 నుంచి మళ్లీ పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు మొదలుపెట్టాను. నాలుగైదు రోజుల్లో మిషన్ బల్ల ఎక్కడం తగ్గింది. దారం కండె తిరుగుతుంటే ఇప్పుడూ చూస్తుంది, కాకపోతే చూసి పడుకుంటుంది. 2021లో ఇంగ్లాండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పరిశీలనలో, రోజుకు ఐదు నుంచి పది నిమిషాలు ఆడించిన ఇళ్లలో పిల్లులు వేటాడి ఇంటికి తెచ్చే ప్రాణుల సంఖ్య 25 శాతం తగ్గిందట. అవి బయట తిరిగే పిల్లులు. మా ఇంట్లో తగ్గింది టేపు మీద, దారం మీద వేట.

బరువు కూడా చెప్పాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక 4.6 కిలోలకు వచ్చింది. నేను దాన్ని ఎత్తుకుని కాటా ఎక్కి, నా బరువు తీసేసి చూస్తాను. ఇప్పుడు 4.1.

ఎండాకాలంలో వేళలు మార్చుకోవాలి. మాకు మేలో 42, 43 డిగ్రీలు మామూలే. పగలంతా అలసంద వంటింట్లో కడప బండ అరమీద, డబ్బాల మధ్య చల్లగా పడుకుంటుంది. ఆ వేళ లేపి ఆడించకండి. నేను పొద్దున ఐదున్నరకు, సాయంత్రం ఏడున్నర దాటాక ఆడిస్తాను. నోరు తెరిచి కుక్క మాదిరి రొప్పితే వెంటనే ఆపేసి నీళ్లు పెట్టాలి, పిల్లి అలా రొప్పడం మంచిది కాదు. నున్నటి బండల ఇళ్లవాళ్లు జంపఖానా పరిచే ఆడించండి. ఒకసారి గాల్లోకి ఎగిరి బండ మీద దిగుతూ వెనక కాళ్లు జారి పక్కకు పడింది, రెండు రోజులు మెట్టు ఎక్కలేదు. అప్పటి నుంచి ఈకను మోకాలి ఎత్తు దాటనివ్వడం లేదు.

కర్ర తీయడానికి నాకు కుదరని మధ్యాహ్నాల కోసం ఖర్చు లేనివి కొన్ని ఉన్నాయి. గుడ్ల అట్ట ట్రేలో పది గింజల పొడి తిండి వేసి పైన కాగితం ఉండలు పెడితే ఒక్కొక్కటే తీసుకుని తింటుంది. బట్టల షాపు అట్టపెట్టెకు రెండు కంతలు చేస్తే నాలుగు రోజుల కాలక్షేపం. పిడి ఉన్న కాగితం సంచి ఇచ్చేటట్టయితే పిడి కత్తిరించండి, మెడకు పడుతుంది.

బయట దేశాల్లో పిల్లుల కోసం క్యాట్‌నిప్ అనే ఆకు అమ్ముతారు. పాప ఒక పొట్లం తెప్పించింది. మా అలసంద వాసన చూసి పోయింది. మూడింట ఒక వంతు పిల్లులకు ఆ ఆకు పట్టదట. అది విని మా అమ్మ, "కుప్పింటాకు చెట్టు పీక్కరాండి, యేరు చూపిచ్చండి" అంది. చిన్నప్పుడు వాళ్ల పల్లెలో కుప్పింటాకు పీకిన చోట పిల్లులు వచ్చి పొర్లాడేవట. ఖాళీ స్థలంలో ఒక మొక్క దొరికితే వేరు కడిగి నేల మీద పెట్టాను. అలసంద చెంపలు రుద్దింది, జొల్లు కార్చింది, వెల్లకిలా పడి దొర్లింది. ఐదారు నిమిషాలు దాని లోకంలో అది ఉంది. పుస్తకాల్లో కూడా ఈ సంగతి ఉందని పాప తర్వాత చూసి చెప్పింది, శాస్త్రం పేరు అకాలిఫా ఇండికా. అయితే ఆ మొక్కలో అకాలిఫిన్ అనే పదార్థం ఉంది, తినడం మంచిది కాదు. అందుకని నేను వేరును నమలనివ్వను. జీన్స్ ఎలుకతో పాటు ఒక డబ్బాలో రాత్రంతా పెట్టి, పొద్దున ఎలుకను మాత్రం తీసి కర్రకు తగిలిస్తాను. నెలకు ఒకటి రెండుసార్లు చాలు.

కొనేవాళ్లు చూసుకోవాల్సింది ఇంతే. కర్ర సాగదీసినప్పుడు అతుకుల దగ్గర కదలకూడదు. కొసకు లోహం తొడుగు ఉండాలి, ఉత్తి ప్లాస్టిక్ అయితే నెలలో పగులుతుంది. కొక్కెం తిరిగేదిగా ఉంటే పట్టీ మెలిపడదు. ఈకలను లాగి చూడండి, ఊడితే ఆ రోజే తీసేయండి. గజ్జెలు, గుండీ కళ్లు ముందే కత్తిరించేయండి. ఆట అయ్యాక కర్ర తప్పకుండా బీరువాలోకి పోవాలి. పిల్లిని, పట్టీ ఉన్న కర్రను ఒక గదిలో ఒంటరిగా వదలొద్దు. నాకు ఈ నియమం మీద ఎవరితోనూ రాజీ లేదు, మా ఆయన ఒకసారి సోఫా మీద పెట్టి నిద్రపోతే రెండు రోజులు మాట్లాడలేదు.

కర్రకు, కొక్కేనికి ఐదుకు ఐదు ఇస్తాను. కూడా ఇచ్చిన దారానికి, బొమ్మలకు ఒకటి. కుట్టు తెలియనివాళ్లు ఉన్నది ఉన్నట్టు వాడతారు కాబట్టి మొత్తం మీద ఐదుకు మూడే. నా మిషన్ కింద మారిన కర్రకైతే ఐదూ ఇచ్చేదాన్ని.

పోయిన వారం కింది ఇంటి ఆపా ఒక పసుపుపచ్చ కూనను తెచ్చుకుంది, మూడు నెలలది. సాయంత్రం పైకి వచ్చి అలసంద ఆట చూసి, "నాకూ అట్లాంటిది ఒకటి తెప్పించు అక్కా" అంది. తెప్పించాను. పెట్టె విప్పగానే నైలాన్ దారం, మూడు ఈకల గుత్తులు, గజ్జె తీసి చెత్తబుట్టలో వేశాను. కూన కదా అని పట్టీ పొట్టిగా, అడుగున్నర మాత్రమే వేశాను. ఎలుకను కూడా చిన్నగా, ముదురు నీలం జీన్స్‌తో కుట్టాను. ఆపా ఇంట్లో బీరువా తాళం పాడైంది. ముందు అది బాగు చేయించుకో, అప్పుడు ఇస్తానని చెప్పాను. నిన్న తాళం కొత్తది వేయించి వచ్చి కర్ర తీసుకుపోయింది.